మామయ్యగారి బండికి ఏ పూత?

మీ వంటింటి గట్టు మీద ఎప్పుడైనా మోటార్ సైకిల్ బోల్టులు ఆరబెట్టారా? మా ఇంట్లో ఆరబెట్టారు. అదీ నేను అప్పడాలు పెట్టుకునే స్టీలు పళ్ళెంలో. పొద్దున్నే కాఫీ పెడదామని వెళ్తే, పళ్ళెం నిండా తళతళా మెరుస్తూ ముప్పై నలభై బోల్టులు. ఒక్క క్షణం కొత్తరకం వడియాలేమో అనుకున్నాను. మా అబ్బాయి వెనకనుంచి వచ్చి, "అమ్మా, ముట్టుకోకు, నిన్ననే జింకు పూత వేయించాను, చేతి చెమట తగిలితే మరక పడుతుంది" అన్నాడు. నా వంటింట్లో నన్నే ముట్టుకోవద్దంటాడు!

ఈ గొడవంతా మా మామయ్యగారి రాజ్‌దూత్ గురించి. ఆయన పశువుల ఆసుపత్రిలో కాంపౌండరుగా చేసేవారు. 1984లో ఆ బండి కొన్నారట. దార్లపూడి, పెనుగొల్లు, రేవుపోలవరం, ఎక్కడ ఏ గేదెకి జబ్బు చేసినా ఆ బండి మీదే వెళ్ళేవారు. నేను కాపురానికి వచ్చిన కొత్తలో వీధి మొదట్లో ఆ బండి చప్పుడు వినపడగానే అత్తయ్య లేచి అన్నం వడ్డించడం మొదలుపెట్టేవారు. ఆయన చెప్పులు విప్పి కాళ్ళు కడుక్కుని వచ్చేసరికి చారు పొగలు కక్కుతూ ఉండేది.

ఆయన పోయి మూడేళ్ళు. బండిని వసారాలో గోడకి ఆనించి, మంచి టార్పాలిన్ కప్పి, తాడుతో కట్టేశాం. అదే మేం చేసిన మొదటి తప్పు. ఎస్. రాయవరం అంటే ఎవరైనా గురజాడ పుట్టిన ఊరా అంటారు. బండ్లు బాగుచేసేవాళ్ళు మాత్రం ఉప్పుగాలి ఊరా అంటారు. సముద్రం మా ఇంటికి కనపడదు కానీ, గాలికి ఆ సంగతి తెలియదు కదా. వానాకాలంలో ఉప్పు డబ్బా మూత తీస్తే లోపల ఉప్పు చెమర్చి ఉంటుంది చూడండి. ఇనుము మీద వాలిన ఉప్పు కూడా అదే పని చేస్తుంది, గాల్లో తేమని లాక్కుని ఇనుముని తడిగా ఉంచుతుంది. దాని మీద మేం గాలి ఆడకుండా ప్లాస్టిక్ కప్పేశాం. వేడన్నం గిన్నె మీద మూతకి నీళ్ళు పట్టినట్టు లోపలంతా చెమ్మ. రక్షణ అనుకున్నదే తుప్పుకి పందిరైంది.

మొన్న సంక్రాంతి ముందు ఇల్లు దులుపుతూ టార్పాలిన్ తీస్తే రిమ్ములు ఎర్రగా, హ్యాండిలు పొలుసులు లేచిపోయి ఉంది. మా ఆయన చూసి, "పాత ఇనప సామాను వాడికి ఇచ్చేద్దాం, చోటు ఖాళీ అవుతుంది" అన్నారు. అనడమే కాదు, మర్నాడు పిలిచారు కూడా. ఆ అబ్బాయి తూకం పట్టుకుని గుమ్మంలోకి రాగానే అత్తయ్య లోపల్నుంచి వచ్చారు. ఏమీ అనలేదు. వెళ్ళి బండి పక్కన ముక్కాలిపీట వేసుకుని కూర్చున్నారు. అంతే. మామయ్యగారు పోయాక ఆవిడ తనంతట తాను వసారాలోకి రావడం నేను అదే చూడటం. తూకం అబ్బాయి మా ఆయన మొహం చూశాడు, మా ఆయన నా మొహం చూశారు. "తర్వాత రా నాయనా" అని నేనే పంపించేశాను.

ఆ రాత్రి మా అబ్బాయి, "నేను బాగుచేస్తానమ్మా" అన్నాడు. డిప్లొమా అయిపోయింది, అచ్యుతాపురంలో ఉద్యోగానికి కబురు వస్తుందని ఎదురుచూస్తున్నాడు. ఖాళీగా ఉన్నాడు కాబట్టి చేస్తానంటున్నాడని వాళ్ళ నాన్న కొట్టిపారేశారు. నా దగ్గర చీటీ పాడిన ఇరవై వేలు ఉన్నాయి. ఇస్తానన్నాను, కానీ ఒక షరతు పెట్టాను. ఆ బండి మీద నువ్వు రోడ్డెక్కుతావు కాబట్టి మెరుపు తర్వాత, ముందు దాని ఎముకలు నాకు చూపించు అన్నాను. ఏదో తల్లి మాటగా అన్నాను. అదే మమ్మల్ని కాపాడింది.

వాడికి మాత్రం మెరుపే ముందు. నేను చూడకుండా రిమ్ములు, హ్యాండిలు విప్పి ఒక ఊరికి పట్టుకెళ్ళి క్రోమ్ వేయించుకొచ్చాడు. ఊరి పేరు, షాపు పేరు వద్దులెండి. చవగ్గా చేశారు. తెచ్చిన రోజు అద్దంలా ఉన్నాయి. మొదటి వానలు పడి నెల తిరక్కుండానే చిన్నచిన్న బొడిపెలు లేచాయి, గోరుతో గీకితే వెండిరేకులా ఊడొచ్చింది. మూడు వేలు నీళ్ళపాలు.

అడ్డరోడ్డులో ఒక పెద్దాయన ఉన్నారు, పాతకాలం బండ్లు బాగా తెలిసిన మెకానిక్. ఆయన దగ్గరికి నేనూ వెళ్ళాను. ఆయన ఊడిన రేకు చూసి చెప్పిన మాట నాకు ఎప్పటికీ గుర్తుంటుంది. "క్రోమ్ మెరవడానికేనమ్మా. కాపలా కాసేది దాని కింద ఉండే నికెల్." మెరిసే క్రోమ్ పొర ఒక మైక్రాన్ కూడా ఉండదట. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. మన తల వెంట్రుక దాదాపు 70 మైక్రాన్లు ఉంటుంది, అంటే ఎంత పల్చనో చూడండి. పైగా ఆ పొరలో కంటికి కనపడని పగుళ్ళు ఉంటాయి. కింద నికెల్ పది, ఇరవై మైక్రాన్లు దట్టంగా ఉంటేనే నీళ్ళు ఇనుము దాకా పోవు. ఇనుముని ముందు నున్నగా సానబట్టి, జిడ్డు, తుప్పు పూర్తిగా వదిలించి, ఆ తర్వాత నికెల్, ఆఖరున క్రోమ్. మావాడి రిమ్ములకి ఆ మధ్యలో పనులన్నీ ఎగ్గొట్టి ఆఖరిది మాత్రం వేశారన్న మాట.

వింటుంటే నాకు చిన్నప్పుడు మా పుట్టింటి వీధిలోకి వచ్చే కళాయి అతను గుర్తొచ్చాడు. మీలో ఎంతమందికి గుర్తుందో! ఇత్తడి గిన్నెలో చింతపండు పులుసు కాస్తే చిలుము దిగుతుందని లోపల తగరం పూత వేయించేవారు. అతను తిత్తి ఊది గిన్నె కాల్చి, నవాసారం చల్లి, దూదితో తగరం తుడిచేసరికి గిన్నె వెండిలా అయ్యేది. కానీ దానికి ముందు గిన్నెలో ఇసుక వేసి, కాళ్ళతో అటూ ఇటూ తిరుగుతూ తోమేవాడు, మాకు అది డాన్సులా ఉండేది. మా అమ్మ మాత్రం ఆ తోమడం దగ్గరే నిలబడి చూసేది. "తోమడం సరిగ్గా లేకపోతే కళాయి పట్టదే" అనేది. మా అమ్మ ఏ కాలేజీలోనూ చదవలేదు. అడ్డరోడ్డు పెద్దాయన చెప్పిందీ, మా అమ్మ చెప్పిందీ ఒకటే.

క్రోమ్ తొట్టెల దగ్గర పనిచేసేవాళ్ళకి ఆ మందు చాలా చెడ్డదట, అందులో వాడే ఒక రకం క్రోమియం ఊపిరితిత్తులకి క్యాన్సర్ తెచ్చే రకం. ఇంట్లో చేసుకునే వీడియోలు ఉన్నాయని మావాడు అంటే, గుమ్మంలోకి ఆ సీసా వస్తే నేను గుమ్మం దాటి వెళ్ళిపోతానని చెప్పాను.

అప్పట్నుంచీ పని పద్ధతిగా మొదలైంది. ముందు పాత రంగంతా గీకడం. మామయ్యగారికి ఒక అలవాటు ఉండేది. ప్రతి సంక్రాంతికి ముందు బండి కడిగి, ఎక్కడ రంగు పోయిందో అక్కడ కుంచె పెట్టి నల్ల రంగు వేసేవారు. గీకుతుంటే ఉల్లిపాయ పొరల్లా వచ్చాయి, రంగు, దాని కింద తుప్పు, మళ్ళీ రంగు, మళ్ళీ తుప్పు. వెనక చక్రాన్ని పట్టుకునే స్వింగ్ ఆర్మ్ దగ్గర మావాడు స్క్రూడ్రైవర్‌తో కాస్త గట్టిగా నొక్కాడు. అది లోపలికి దిగిపోయింది. పైన నున్నటి నల్ల రంగు, లోపల ఇనుము అప్పడంలా అయిపోయి ఉంది.

మా ఆయన అప్పుడే బయట్నుంచి వచ్చారు. ఆ ముక్క చేతిలోకి తీసుకుని, ఆ చిల్లులో వేలు పెట్టి చాలాసేపు నిలబడ్డారు. "ఆఖరి రోజుల్లో కూడా నాన్న దీని మీదే రేవుకి వెళ్ళొచ్చేవారు" అన్నారు. ఇంకేం అనలేదు. నాకు మాత్రం అర్థమైంది. మామయ్యగారి గుండెనొప్పి సంగతి మాకు ఆఖరి వారంలోనే తెలిసింది. అంతవరకూ "గ్యాస్ అమ్మా" అని సోడా తాగి నవ్వేసేవారు. ఆయన బండికి వేసిన రంగే ఆయనా వేసుకున్నారు.

మర్నాడు మా ఆయనే విశాఖ వెళ్ళి, పాత సామాన్లు అమ్మే చోట వెతికి, గట్టి స్వింగ్ ఆర్మ్ తెచ్చారు. తెచ్చి అబ్బాయి ముందు పెట్టి, "దీనికి రంగు వేసే ముందు నన్ను పిలువు, నేను కూడా చూస్తాను" అన్నారు. ఎనిమిది నెలల్లో తండ్రీకొడుకులు గొడవపడకుండా మాట్లాడుకున్న మొదటి మాట అది.

ఇక ఏ సామానుకి ఏ పూత అన్నది. నేను నేర్చుకున్నది చెప్తాను, మీ ఇంట్లో బండికో, గేటుకో, కుట్టుమిషన్ కాళ్ళకో పనికొస్తుంది.

బోల్టులకి, చిన్నచిన్న క్లాంపులకి జింకు. నాకు బాగా నచ్చిన పూత ఇదే. మిగతా పూతలు గొడుగు లాంటివి, చిల్లు పడితే ఇనుము తడుస్తుంది. జింకు అలా కాదు. గీత పడి ఇనుము బయటపడినా, పక్కనున్న జింకు ముందు తను కరిగిపోతూ ఇనుముని కాస్తుంది. "అంటే మన ఇళ్ళల్లో పెద్దకోడలు లాంటిదన్న మాట" అన్నాను. మావాడు పడీపడీ నవ్వాడు. అత్తయ్య నవ్వలేదు. "అది అరిగిపోతున్నప్పుడు తెలుస్తుందా?" అని అడిగారు. తెలుస్తుంది నానమ్మా, తెల్లగా పొడి రాలుతుంది, అది అయిపోయాకే ఎర్ర తుప్పు మొదలవుతుంది అన్నాడు వాడు. ఆవిడ తల ఊపి లోపలికి వెళ్ళిపోయారు. ఆ పూట నాకు అన్నం సయించలేదు. తెల్లపొడి రాలడం మా ఇంట్లో మూడేళ్ళుగా జరుగుతోంది, మేం చూడలేదు అనిపించింది.

ఒక జాగ్రత్త. జింకు పూసిన ముక్కని అలాగే వెల్డింగు చేయించకండి. ఆ పొగ పీలిస్తే చలిజ్వరం పట్టుకుంటుంది. అతికే చోట పూత పూర్తిగా గీకేశాకే చేయించాలి.

స్టాండుకి, వెనక కేరియర్‌కి పౌడర్ కోటింగ్. పొడి రంగుని కరెంటు ఆకర్షణతో ఇనుముకి అంటించి, 180 నుంచి 200 డిగ్రీల వేడి పొయ్యిలో కాలుస్తారు. మనం కేకు పెట్టే ఓవెన్ అనుకోండి, కాకపోతే మనిషి పట్టేంత ఉంటుంది. దట్టంగా, 60 నుంచి 100 మైక్రాన్ల దాకా పడుతుంది, గట్టిగా ఉంటుంది. అందుకే మరలు ఉన్న చోట, బేరింగు కూర్చునే చోట ముందే మూసేయాలి, లేకపోతే బోల్టు ఎక్కదు. పుట్టీ పెట్టిన భాగాలకి మామూలు పుట్టీ ఆ వేడికి ఆగదు. ఇంకోటి, రాయి తగిలి ఎక్కడైనా పెచ్చు లేస్తే, నీళ్ళు దాని కిందకి దూరి పైకి కనపడకుండా తుప్పు పాకుతుంది. ఇంట్లో కుంచెతో అతుకు వేసుకోవడం కష్టం.

అందుకే చెస్సీకి మావాళ్ళు అది వద్దనుకున్నారు. ఉప్పుగాలి ఊళ్ళో, కంకర రోడ్ల మీద తిరిగే బండి, గీతలు పడకుండా ఉండవు. ఇసుక కొట్టించి, అదే రోజు ఇనుము చెమ్మ పట్టకముందే ఎపాక్సీ ప్రైమరు, దాని మీద కార్లకి వేసే రెండు డబ్బాలు కలిపే రంగు. గీత పడితే అక్కడికక్కడ శుభ్రం చేసి మళ్ళీ వేసుకోవచ్చు. ఆ రంగు వేసేటప్పుడు మామూలు గుడ్డ కట్టుకుంటే చాలదు, దానికి తగ్గ మాస్కు ఉండాలి. కాబట్టి ఇంట్లో కాకుండా కార్ల పెయింటరు దగ్గరే వేయించాం. చెస్సీ మీద కొట్టిన నంబరు ఉంటుంది కదా, దాని మీద దట్టంగా రంగు పడి పూడిపోతే రేపు ఆర్.సి. కాగితాల దగ్గర చిక్కు. అక్కడ టేపు అంటించి, ఆఖరున పల్చగా వేశారు. ఆ టేపు అంటించింది మా ఆయన.

సైలెన్సరుకి మామూలు రంగు పనికిరాదు, కాలిపోతుంది. 600 డిగ్రీల దాకా ఆగే రంగు డబ్బాలు దొరుకుతాయి. అది ఇంజను వేడికే గట్టిపడుతుంది, మొదటిసారి కాసేపు నడిపి, చల్లార్చి, మళ్ళీ నడపాలి. ఆ వాసనకి పక్కింటి పిన్నిగారు మా ఇంట్లో ఏదో మాడుతోందని పరిగెత్తుకొచ్చారు.

ఇంజను డొక్కుల దగ్గర నా తెలివి చెప్పాలి. అవి అల్యూమినియం. జిడ్డు పట్టి ఉన్నాయని, సాయం చేద్దామని నేను చాకలి సోడా కలిపిన వేడినీళ్ళలో నానబెట్టి పీచుతో తోమాను. ఇత్తడిలా మెరుస్తాయనుకున్నాను, నల్లగా మసిబారి ఊరుకున్నాయి. అల్యూమినియాన్ని సోడా తినేస్తుందట. అల్యూమినియం గిన్నెలు సోడాతో కడిగితే నల్లబడటం రోజూ చూసేదాన్నే, బండి సామాను అనగానే బుర్ర పనిచేయలేదు. మళ్ళీ సానబట్టించడానికి ఎనిమిది వందలు. ఆ డబ్బు నా చీర లెక్కలో రాశాను.

చివరికి మిగిలింది పెట్రోలు ట్యాంకు. లోపల తుప్పుకి మావాడు గుప్పెడు పాత నట్లు వేసి, వెనిగర్ పోసి రెండు రోజులు ఊపి, వంట సోడా నీళ్ళతో కడిగి, బాగా ఆరబెట్టి, వెంటనే నూనె పట్టించాడు. ఇప్పటి పెట్రోల్లో కలిపే ఇథనాల్ తేమని లాక్కుంటుంది కాబట్టి బండి ఎక్కువ రోజులు వాడకుండా ఉంచేటప్పుడు సగం ట్యాంకుతో వదిలేయకూడదని పెద్దాయన చెప్పారు.

పైన రంగు సంగతి వచ్చేసరికి మళ్ళీ గొడవ. ట్యాంకుకి రెండు పక్కలా మామయ్యగారి మోకాళ్ళు రాసుకుని రాసుకుని, రంగు అరిగిపోయి, అరచేయంత మేర ఇనుము బయటపడి ఉంది. మావాడు నాలుగు రకాల నలుపులు కాగితం మీద పెట్టి, ఏది బాగుందో చెప్పమని నానమ్మ దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆవిడ ఆ కాగితం చూడనేలేదు. "ట్యాంకు జోలికి వెళ్ళకురా" అన్నారు.

"తుప్పు పట్టేస్తుంది నానమ్మా. పోనీ పైన పారదర్శకంగా ఉండే వార్నిష్ వేస్తాను, మచ్చలు అలాగే కనపడతాయి."

అత్తయ్య పుట్టిల్లు ఏటికొప్పాక. లక్కబొమ్మలు తిరిగే చోట పెరిగిన మనిషి. తిరుగుతున్న కర్రకి లక్కబద్ద ఆనిస్తే ఆ రాపిడి వేడికే కరిగి అంటుకోవడం, మొగలాకుతో నున్నగా మెరుగు పెట్టడం చిన్నప్పుడు వాకిట్లో కూర్చుని చూశారు. "లక్క కర్రకి బాగుంటుంది, కర్ర పట్టుకుంటుంది. ఉత్త ఇనుముకి వార్నిష్ వేస్తే ఎక్కడో ఒకచోట సందు దొరుకుతుంది, లోపల పురుగులా పాకుతుంది" అన్నారు. మావాడు తెల్లబోయాడు. అడ్డరోడ్డు పెద్దాయనని అడిగితే ఆయన కూడా అదే అన్నారు. గీకి ప్రైమరు వేయని ఇనుము మీద పారదర్శకమైన పూత నిలవదట, దాని కింద తుప్పు దారాల్లా పాకుతుందట.

"మరేం చేయమంటావ్ నానమ్మా?"

"మీ అమ్మ దోసెల పెనానికి ఏం పూత వేస్తోంది?"

నేను ఏమీ వేయను. తోమి, తుడిచి, పొయ్యి మీద ఆరబెట్టి, నూనె రాసి పెడతాను. నా పెళ్ళినాటి పెనం అది, ఇప్పటికి ఒక్క చుక్క తుప్పు లేదు. కానీ నాలుగు రోజులు ఊరికి వెళ్తే ఎవరో ఒకరు దానికి నూనె రాయాలి. ఇంకేమీ లేదు, చూసుకునే మనిషి ఉండాలి అంతే.

అలా ట్యాంకుకి పాత రంగే ఉంచేశాం. మెల్లగా శుభ్రం చేసి, అరిగిన చోట మైనం పట్టించాం. అన్నిటికంటే తక్కువ కాలం నిలిచే పూత అదే. మా ఊరి గాలికి వారానికోసారి రాయాలి. ఎవరు రాస్తారు అని మావాడు అడగబోతుంటే నేను కాలితో తన్నాను.

ఇప్పుడు శుక్రవారం శుక్రవారం అత్తయ్య తలంటుకుని, కాఫీ తాగి, పాత పంచె ముక్క పట్టుకుని వసారాలోకి వస్తారు. ముక్కాలిపీట వేసుకుని కూర్చుని రెండు పక్కలా మైనం రాస్తారు. ఒక అరగంట. మధ్యలో వీధిలో వెళ్ళేవాళ్ళు పలకరిస్తారు, ఈవిడ కూడా పలకరిస్తారు. మూడేళ్ళుగా గదిలోంచి బయటికి రాని మనిషి. పోయినవారం కూరలబ్బాయితో బెండకాయల దగ్గర బేరం ఆడుతుంటే లోపల్నుంచి వింటూ నేను కళ్ళు తుడుచుకున్నాను.

టార్పాలిన్ పాడుబడ్డ దూలాల మీదకి పోయింది. మా ఆయన దుప్పటి గుడ్డతో కుట్టించిన ముసుగు తెచ్చారు, గాలి ఆడేది. మావాడికి ఉద్యోగం కబురు వచ్చింది, ఆదివారాలు మాత్రం బండి తీస్తున్నాడు. మొన్న ఆదివారం వాడు లేవకముందే వీధిలో ఆ పాత చప్పుడు వినపడింది. చూస్తే మా ఆయన! రేవు దాకా వెళ్ళి చేపలు తెచ్చారు. ఉప్పునీళ్ళు కారే సంచీని కొత్తగా పూత వేయించిన కేరియర్‌కి కట్టుకుని మరీ తెచ్చారు. మావాడు బకెట్టుతో మంచినీళ్ళు పట్టుకుని అరుస్తూ పరిగెత్తాడు.

అత్తయ్య మాత్రం ఆ గొడవ పట్టించుకోలేదు. బండి చప్పుడు వీధి మొదట్లో వినపడగానే లేచి కంచాలు పెట్టడం మొదలుపెట్టారు.